అసిరి కడియం నేనెత్తుకున్నాను

ఒకటి
కింది వరుస, పదిహేడో గది. నువ్వు పోయిన ఇరవై నాలుగో రోజు.

గండుచీమా,

ఈ పేరు పెట్టి పిలిస్తే నా మీదకి ఎగబడేదానివి. ఇప్పుడు పిలుస్తున్నాను, రా. ఎంత గట్టిగా కరుస్తావో కరుచుకో. చెయ్యి వెనక్కి తీసుకోను.

నాది మూడో తరగతి చదువు. ఆ తర్వాత జల్లెడలు గోకే పనిలో పెట్టేశారు. సముద్రానికి అడ్డంగా కట్టిన ఈ గోడలో పుట్టాను, ఈ గోడలోనే పని. తూముల జల్లెడలకి పట్టిన గుల్లలూ పాచీ రోజూ గోకకపోతే పంపులు నీళ్ళు తోడలేవు. పంపులు ఆగితే గోడవతల ఊళ్ళు మునిగిపోతాయి. ఎన్ని జల్లెడలు గోకితే అన్ని చీటీలు ఇస్తారు. ఆ చీటీల వెనక నీ సంగతులు రాసుకునేదాన్ని. ఆరోగ్యం కిటికీ ముందు నిలబడితే నాకు మాట తడబడుతుంది, రాసుకుంటే చూసి చదవచ్చని.

అవన్నీ ఇవాళ్టి నుంచి ఈ పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. మధ్యమధ్య ఇప్పటి మాట కూడా నీకు చెబుతాను. నిన్నటిదాకా ఏడిచాను. ఇవాళ పొద్దున్న కిటికీ నాతో ఒక మాట అంది, దాంతో ఏడుపు ఆగిపోయింది. ఆ మాట దాని వంతు వచ్చినప్పుడు రాస్తాను. ఇప్పుడే రాస్తే మిగతాది సాగదు.

రెండు
చీటీ. ఐదో వరుస. నీకు మూడున్నరేళ్ళు.

అసిరి నా భుజం కరిచింది. రవికె తడిసేంత రక్తం. ఎందుకో తెలీదు. జడ వేస్తున్నాను, అంతే. గుండె జోరుని బట్టి పిల్ల కోపం కొలవడానికి అధికారులు తొడిగిన కడియం పచ్చ నుంచి పసుపయింది, చూస్తుండగానే ఎర్రబడబోయింది.

పక్కగది సన్నాసమ్మవ్వ నా కేక విని వచ్చింది. నా భుజం వైపు చూడనే లేదు. పిల్ల చేతి వైపు చూసింది.

"సెంచా ఉన్నాదేటి? బేగి తే. నిలబడిపోతావేటే, బేగి!"

చెంచా తోక కడియం గొళ్ళెం కింద దూర్చి తిప్పింది. ఊడొచ్చింది. చకచకా తన చేతికి తొడుక్కుంది. మూడు ఊపిర్లు తీసేలోగా పచ్చబడింది.

"తీసినాక నూరు లెక్కెట్టేలోపు ఎవలో ఒకలు తొడుక్కోవాల. లేపోతే సచ్చిందని కూత పెడతాది. దీన్నే ఎత్తుకోడం అంటారే నూకాలా. సంటిదాన్ని సంకనేసుకోవా, ఇదీ అంతే."

అప్పుడు అవ్వ చీర చెంగు తప్పుకుంటే చూశాను. ముంజేతి నుంచి మోచెయ్యి దాకా పిల్లల కడియాలు. ఏడు. అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి.

నెలలో మూడు ఎరుపులు పడిన గదివాళ్ళని పంపుల దగ్గర ఉంచరు, కింది వరుసకి దింపేస్తారు. అక్కడ గోడలన్నీ చెమ్మ, మెట్లన్నీ పాచి, ఏడాది పొడుగునా దగ్గు. అందుకని మా వరుసలో ముప్ఫై గదుల తల్లులు ఇదే పని చేస్తారట. నాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నాకు అవసరం పడలేదు. ఇప్పుడు పడింది.

"నీ గుండె మెల్లగా కొట్టుకోవాల," అంది అవ్వ. "పంపు సప్పుడు ఇను. దాంతోపాటు ఊపిరి తియ్యి. పిల్ల సంపేత్తన్నా సరే, నువ్వు పంపు సప్పుడే ఇనాల."

నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానో చూడు తల్లీ.

మూడు
చీటీ. నీకు ఐదేళ్ళ రెండు నెలలు.

గుల్లలు గోకే ఇనపరేకుతో ఎదురుగది పైడి కొడుకు కొండని నుదుటి మీద కొట్టింది. నాలుగు కుట్లు. పైడి ఫిర్యాదు చేస్తుందని గడగడలాడాను. చెయ్యలేదు. చేస్తే తనిఖీ వస్తుంది, తనిఖీ వస్తే కొండ కడియం ఎవరి చేతికుందో బయటపడుతుంది. కాబట్టి గుమ్మంలో నిలబడి తిట్టి వెళ్ళిపోయింది.

"నీ గుంటని గుంజకి కట్టెయ్యే! కుక్కకున్న బుద్ది లేదేటే దానికి?"

కొట్టిన పిల్ల మూలన కూర్చుని తన తలని గోడకేసి కొట్టుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను, నా చేతి మీద కొట్టుకుంది. గంట గడిచాక నా ఒడిలోకి వచ్చింది.

"అమ్మా, నాను కొట్నేదే. నా సేతులు కొట్టేసినాయి."

"ఎందుకు కొట్టినాయే?"

"పొట్టలో ఎవలో పరిగెడతన్నారు. ఆలకి తలుపు దొరకట్నేదు."

నాలుగు
చీటీ. అదే వారం.

ఆరోగ్యం కిటికీకి వెళ్ళాను. గోడ మొత్తానికి పిల్లల మనసు డాక్టరు ఒక్కతే ఉందని, చిన్నప్పుడే చూపిస్తే ఇలాంటి పిల్లలు కుదురుకుంటారని తూము దగ్గర ఎవరో అన్నారు. కిటికీ అంటే గాజుపలక, అందులోంచి మాట వస్తుంది. మనిషి ఉండడు.

"బాలిక అసిరి. గడిచిన పద్దెనిమిది నెలల్లో ఎరుపులు లేవు. పసుపులు నాలుగు. ఇంత నెమ్మదైన బిడ్డ మీకున్నందుకు సంతోషం. మీ వరుస సంఖ్య ఆరు వందల పన్నెండు."

"నెమ్మదేటి? ఇదిగో సూడు నా సెయ్యి. ఇయన్నీ పంటి గాట్లు."

"మీ చేతిని చూసే ఏర్పాటు ఈ కిటికీకి లేదు."

"ఇది నా బుజం. ఇది నా పిల్ల తల, ఎంత బొప్పి కట్టినాదో సూడు."

"కడియంలో నమోదు కానిది ఈ కిటికీ పరిగణించదు."

"డాక్టరమ్మ నెలకి ఎంతమందిని సూత్తాది?"

"మీ వరుసల నుంచి పదకొండు మందిని."

సన్నాసమ్మవ్వ బొగ్గుతో గోడ మీద గీతలు గీసి లెక్క చెప్పింది. నాలుగున్నరేళ్ళు దాటుతుంది. అప్పటికి అసిరికి పదేళ్ళు రాబోతాయి.

(ఇప్పటి మాట: ఆ రోజు కిటికీ మీద కోపం వచ్చింది. ఇంటికొచ్చి పడుకున్నాక అర్థమైంది, దానికి అబద్ధం చెప్పింది నేనే. పద్దెనిమిది నెలలు రోజూ చెప్పాను. నిన్ను కాపాడుతున్నానని చెప్పాను.)

ఐదు
చీటీ.

ఇక కడియం తియ్యను. ఎర్రబడితే ఎర్రబడనీ. ఎరుపు లేనిదే డాక్టరు లేదు కదా.

జల్లెడ దగ్గర ఈ మాట అన్నాను. ఆడవాళ్ళంతా చేతిలో రేకులు దించేశారు.

"నీకు మతి పోయిందేటే?" అంది పైడి. "నెలకి మూడు పడితే కిందకి దించేత్తారు. నువ్వు దిగు. తనికీకొచ్చినోడు మా సేతులు గూడా సూత్తే?"

"మీ సంగతి నాను సెప్పను."

"నువ్వు సెప్పకపోయినా నీ గుంట అరుపులే సెప్తాయి. ఈ గోడలేమన్నా రాతియేటి, మా కొండగాడు తుమ్మితే నువ్వు సిరంజీవనట్నేదూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఎవరూ నా పక్కన కూర్చోలేదు.

ఆరు
చీటీ. మూడు రోజుల తర్వాత.

ఎరుపు పడింది. అసిరి అరుస్తుంటే నేను కడియం వైపు చూస్తూ కూర్చున్నాను. చెంచా తలుపు బయట పెట్టేశాను, నా చెయ్యి పోకుండా. బిడ్డ తల కొట్టుకుంటుంటే ఎర్రదీపం వెలగాలని దేవుడికి మొక్కుకున్న తల్లిని నేనొక్కదాన్నే అయుంటాను.

కిటికీకి పరుగెత్తాను. "ఈ కడియంలో లోపం ఉంది, మార్పిస్తాం" అంది.

మధ్యాహ్నం వామనరావు గారొచ్చారు. కడియాలు మార్చే అధికారి. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు, మర్యాదస్తుడు.

"అమ్మా, ఏడాదిన్నర పచ్చగా ఉన్న పిల్ల ఒక్క పూటలో ఎర్రబడదు. కడియం పాతదైపోయింది. కొత్తది తొడుగుతాను. ఇరవై ఒక్క రోజులు అది పిల్ల ఒంటిని నేర్చుకుంటుంది. ఆ రోజుల్లో పడినవి లెక్కలోకి రావు."

"అయ్యా, కడియం మంచిదే. పిల్లకే బాగునేదు."

"అందరూ అలాగే అంటారు తల్లీ."

నిజం నాలుక చివర ఉంది. ఆయన వెనక గుమ్మంలో సన్నాసమ్మవ్వ నిలబడి ఉంది. అంత ఉక్కలో చేతులు చెంగులో చుట్టుకుని. కళ్ళు నా మీదే ఉన్నాయి. ముప్ఫై గదులు ఆ చెంగు కింద ఉన్నాయి.

నోరు మూసుకున్నాను.

ఏడు
చీటీలు, మూడు కలిపి.

లెక్కలోకి రాని నాలుగో రోజు. పనికి వెళ్ళేటప్పుడు అసిరిని చూసుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నడుముకి తాడు కట్టి తూము దగ్గరికి తీసుకెళ్ళాను. పాచి ముద్దలు పక్కవాళ్ళ మీదకి విసిరింది. మేస్త్రీ నా చీటీల్లో రెండు కోసేశాడు.

పదకొండో రోజు. మంచి రోజు. గోడకి చెవి ఆనించి పంపు చప్పుడు విన్నది. "అమ్మా, దీనికి గూడా పొట్టలో ఎవలో ఉన్నారే" అని నవ్వింది. నా జడ తనే వేసింది. మెడ దగ్గర ఒక్కసారి గోకింది, గట్టిగా కాదు.

పంతొమ్మిదో రోజు. నా చిటికెన వేలు వంకరపోయింది. ఎలాగో రాయను.

ఎనిమిది
చీటీ. కొత్త కడియం లెక్క మొదలయ్యాక పన్నెండో రోజు.

ఐదు ఎరుపులు! కిటికీ దగ్గర వరుస సంఖ్య అడిగితే పంతొమ్మిది అంది. రెండు నెలల్లో డాక్టరమ్మ మా అసిరిని చూస్తుంది. వచ్చే దారంతా పిల్లని భుజాన వేసుకుని తిప్పాను. ఆమెకి ఏం చెప్పాలో ఒక చీటీ రాసుకున్నాను: తలుపు దొరకని మనుషుల మాట ముందు చెప్పాలి.

తొమ్మిది
చీటీ. మర్నాడు.

కింది వరుసకి దిగమని కాగితం. దిగుతాం అనుకున్నాను. డాక్టరు కోసం చెమ్మ ఓర్చుకోలేనా? వామనరావు గారు గది తాళం ఇస్తూ ఇంకో మాట చెప్పారు. కింది వరుసలకి కిటికీ వేరు. వరుస వేరు. అక్కడ మా సంఖ్య రెండు వందల ముప్ఫై మూడు.

"నిన్న పంతొమ్మిది కదయ్యా!"

"అది ఐదో వరుసది అమ్మా. ఇక్కడి అంకె అక్కడ చెల్లదు."

"మరి ఆ ఐదు ఎరుపులు?"

"అవి గదికి రాస్తారు. పిల్లకి కాదు. కొత్త గదిలో మళ్ళీ సున్నా నుంచి."

"ఎరుపులకి సిచ్చ మా ఎంబడి దిగినాది. ఎరుపులకి వైద్దెం పైగదిలోనే ఉండిపోనాది. అంతేనా అయ్యా? నువ్వు సదూకున్నోడివి, నువ్వు సెప్పు, అంతేనా?"

ఆయన తల దించుకుని చెప్పులు వేసుకున్నారు.

పది
దీనికి చీటీ లేదు. ఇప్పుడే రాస్తున్నాను.

కింది వరుసకి వచ్చిన తొమ్మిదో రోజు. గౌను ఆరలేదు. ఈ చెమ్మలో ఏదీ ఆరదు. తడి గౌను వెయ్యనన్నావు. నేను వేశాను. పనికి కూత పడిపోయింది, ఆలస్యమైతే మేస్త్రీ ఊరుకోడు. నువ్వు నా చెంప మీద కొట్టావు, తలుపు తోసుకుని పరుగెత్తావు. నేను నీ వెనక రెండు అంగల్లో ఉన్నాను. రెండే.

పాచి మెట్లు తొమ్మిది.

కింద నీ పక్కన కూర్చున్నాను. నీ చేతికి కడియం ఎర్రగా వెలుగుతోంది. కొంతసేపటికి పసుపయింది. నా చెయ్యి దానంతటదే పోయి గొళ్ళెం తిప్పింది. చెంచా కూడా లేదు, గోరుతోనే వచ్చింది. నూరు లెక్కపెట్టేలోగా నా చేతికి తొడిగేసుకున్నాను. ఎవరూ చూడకముందే నీ కోపం దాచేద్దామని. అప్పటికి నీ దగ్గర దాచాల్సింది ఏమీ మిగల్లేదు.

చావులు రాసే కిటికీ దగ్గర ఒకాయన నీ పేరు రాసుకున్నాడు. కడియం అడగలేదు. నేనివ్వలేదు.

పదకొండు
ఇవాళ పొద్దున్న.

పనికి వెళ్తుంటే ఆరోగ్యం కిటికీ నన్ను పిలిచింది. కడియం దగ్గరికొస్తే దానికి తెలిసిపోతుంది.

"బాలిక అసిరి సంరక్షకురాలికి అభినందనలు. బాలిక ఇరవై మూడు రోజులుగా పూర్తి నెమ్మదిగా ఉంది. వైద్యం వరుస నుంచి పేరు తొలగిస్తున్నాం. పై వరుసలో గది కోసం మీరు దరఖాస్తు చేసుకోవచ్చు."

"అది సచ్చిపోనాది," అన్నాను.

"మరణాల నమోదు మూడో కిటికీ."

"రాయించినాను. సచ్చిపోయి ఇరవై నాలుగు రోజులు. మెట్ల మీంచి పడి సచ్చిపోనాది. నీ డాక్టరు రానేదు, అది సచ్చిపోనాది!"

"బాలిక ప్రస్తుతం నెమ్మదిగా ఉంది."

గాజు మీద పిడికిలితో కొట్టాను. వెనక నిలబడినవాళ్ళు నన్ను పట్టుకున్నారు. గొంతు చీరుకుపోయేలా అరుస్తూ నా చెయ్యి చూసుకున్నాను. పచ్చ. అంత కోపంలోనూ పచ్చ. రెండేళ్ళు పంపు చప్పుడు వింటూ నేర్చుకున్న గుండె, ఇప్పుడు నేను చెప్పినా వినదు. నా బిడ్డ చచ్చిపోయినా అది మెల్లగానే కొట్టుకుంటుంది. నాకు ఈ విద్య నేర్పినవాళ్ళ మీద కోపం. నేర్చుకున్న నా మీద కోపం. తల్లి చేతి మీద గాట్లు చూడని కిటికీ మీద, మంచి మనిషై కూడా చెప్పులేసుకుని వెళ్ళిపోయిన ఆయన మీద, ఇంత గోడకి ఒక్క డాక్టరునే పెట్టి నువ్వు ఆగు, నువ్వు ఆగు అన్నవాళ్ళ మీద కోపం. ఆ డాక్టరమ్మ పేరు కూడా నాకు తెలీదు. ఆమె మీద లేదు. ఆమెకైనా ఏ రాత్రయినా నిద్ర పడుతుందో లేదో అనుకుంటాను.

పన్నెండు
ఇవాళే. సాయంత్రం.

ఐదో వరుసకి ఎక్కాను. సన్నాసమ్మవ్వ గదిలో పైడి ఉంది. పైడి ఒడిలో కొండ. వాడి చేతికి కడియం లేదు. మణికట్టు నిండా గాట్లు. వాడివే పళ్ళు. తనని తనే కొరుక్కుంటున్నాడు. నుదుటి మీద నువ్వు కొట్టినచోట కుట్ల మచ్చ అలాగే ఉంది.

నన్ను చూసి పైడి లేవబోయింది. నేను కూర్చోమన్నాను. నా చెయ్యి చాపి చూపించాను.

"ఇది అసిరి కడియం. కిటికీ లెక్కలో అది బతికే ఉన్నాది. నెమ్మదిగా ఉన్నాదంట. నన్ను మెచ్చుకున్నాది."

అవ్వ చెంగు తీసి చెయ్యి బయట పెట్టింది. ఇప్పుడు పదకొండు కడియాలు.

"నాను మంచే సేత్తన్నాననుకున్నానే నూకాలా."

"నానూ అలగే అనుకున్నాను అవ్వా. మనం ఎంత బాగా ఎత్తుకుంటే కిటికీ ఎనకున్నోలకి అంత బాగున్నట్టు కనబడతన్నాది. పిల్లలంతా నెమ్మదైతే డాక్టర్లెందుకు? అందుకే ఒక్కతిని ఎట్టేరు."

"అయితే ఏటి సెయ్యమంటావు?" పైడి కసిరింది. "నీలాగ దిగిపోయి నా కొడుకుని గూడా మెట్ల మీద..." అని నోరు నొక్కుకుంది. "తప్పయిపోనాది. తప్పయిపోనాదే అప్పా."

అప్పా అంది, సొంత అక్కని పిలిచినట్టు. ఎప్పుడూ అనలేదు.

"తప్పేటి నేదు. నాను ఒక్కదాన్నే ఎత్తుకోడం మానేసినాను, అందుకే దించేరు. కింది వరుసల్లో గదులు రెండొందల అరవై. రెండొందల నలబై నిండిపోయున్నాయి, నాను సూసినాను. ఈ గోడలో కడియం ఎత్తుకున్న తల్లులు ఎంతమందే అవ్వా? నీకు తెలుసు గదా, అందరికీ నేర్పినదానివి."

అవ్వ బొగ్గు తీసుకుంది. వరుస వరుసకీ గీతలు గీసింది. మూడు వందల పది.

"మూడొందల పది గదుల్ని మిగిలిన ఇరవై గదుల్లోకి ఎలగ దించుతారు? దించితే జల్లెడలు ఎవలు గోకుతారు? ఆ వామనరావు గోకుతాడేటి?"

పైడి నవ్వింది. నవ్వుతూనే ఏడిచింది. కొండ నిద్రలో చెయ్యి నోట్లో పెట్టుకోబోతే మెల్లగా తీసి తన రవికెలో దాచుకుంది.

"బయమేత్తంది అప్పా."

"నాకూ ఏత్తంది."

అవ్వ ఒక్కొక్క కడియం తిప్పి చూసి, ఏది ఏ పిల్లదో పేరు చెప్పసాగింది. నేను రాసుకున్నాను. చీకటి పడకముందే మొదటి కడియాన్ని ఆ పిల్ల తల్లి చేతికి తొడిగి వచ్చింది.

పదమూడు
ఇది పై వరుసల్లో చదివే తల్లులకి.

ఈ పుస్తకం నా పిల్లకని మొదలుపెట్టాను. మిగతాది మీకు. చదవడం రానివాళ్ళకి పైడి చదివి వినిపిస్తుంది. నేను ఇంకో రెండు కాపీలు రాస్తున్నాను, అక్షరాలు బాగులేకపోతే ఏమనుకోకండి.

ఎల్లుండి పొద్దున్న, పనికి కూత పడగానే, ఎవరి కడియం వాళ్ళ బిడ్డ చేతికి తొడిగేయండి. ఎర్రబడితే చెంచా ముట్టుకోకండి. బిడ్డ పక్కన కూర్చోండి, తలకి చెయ్యి అడ్డం పెట్టండి. కడియం పాడైందని కిటికీ ఒక్క పిల్ల గురించి అనగలదు. మూడు వందల మంది గురించి అనలేదు. ఆ పూట జల్లెడలు గోకొద్దు. అందరం పిల్లల్ని ఎత్తుకుని కిటికీ ముందుకి వెళ్ళి కూర్చుందాం. డాక్టర్లు ఎంతమంది వస్తారో, ఎప్పుడొస్తారో, ఎదుట మనిషి నిలబడి చెప్పేదాకా లేవం. నేను అసిరి కడియం తీసి ఆ గాజు ముందు పెడతాను. నూరు లెక్కపెట్టాక అది చచ్చిందని కూత పెడుతుంది. అప్పుడైనా దానికి తెలుస్తుంది.

నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. మీ పిల్లలు ఇంకా ఉన్నారు, అది చాలు నాకు. ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తుంది. ఇంట్లోంచి బయల్దేరే ముందు అన్నం తినండి, కడుపు నిండా తినండి.